బుల్లెట్ తగిలితే హీరోకి నొప్పి పుడుతుందా? యాక్షన్ గేమ్‌లలో మనిషి కోసం వెతుకులాట

2013లో వచ్చిన 'టూంబ్ రైడర్' గేమ్ మొదట్లో ఒక జింక ఉంటుంది. ఓడ మునిగిపోయి, ఊరూ పేరూ తెలియని దీవికి కొట్టుకొచ్చిన 21 ఏళ్ల లారా క్రాఫ్ట్‌కి తినడానికి ఏమీ లేదు. ఒక శవం దగ్గర దొరికిన విల్లుతో ఆ జింకను కొడుతుంది. కోసుకునే ముందు దానికి క్షమాపణ చెబుతుంది. ఆ తర్వాత కాసేపటికి ఆమె సాయుధుల చేతికి చిక్కుతుంది. చేతులు కట్టేసి ఉన్నా వాళ్లలో ఒకడితో పెనుగులాడుతుంది. పిస్తోలు పేలుతుంది, అతను చచ్చిపోతాడు. లారా వణికిపోతుంది. కడుపులో తిప్పినట్టై ముందుకు వంగిపోతుంది.

ఒక యాక్షన్ గేమ్ హీరో మనిషిని చంపి ఇంతగా కుంగిపోవడం అప్పటికి అరుదు. చూసేవాళ్లకు గొంతు పట్టేసే సన్నివేశం అది. కానీ అదే పిస్తోలుతో కొద్ది నిమిషాల్లోనే ఆమె మరికొందరిని కాలుస్తుంది. గంట గడిచేసరికి లెక్క పెట్టడం మానేస్తాం. గురి చూసి తలకు కొడితే ఎక్కువ పాయింట్లు వస్తాయి. రేడియోలో మాట్లాడుతూ, చంపడం కష్టమై ఉంటుందని ఆమె గురువు రాత్ అంటే, అది అంత తేలిగ్గా జరిగిపోవడమే భయంగా ఉందని లారా అంటుంది. పాత్ర కోసం రాసిన ఆ మాట గేమ్‌కే సరిగ్గా సరిపోయింది.

ఆ కథ రాసిన రియానా ప్రాచెట్ ఈ ఇబ్బందిని దాచలేదు. మొదటి హత్యకూ తర్వాతి కాల్పులకూ మధ్య ఇంకొంచెం వ్యవధి ఉండాలని రచయితలు కోరుకున్నారని, అయితే చేతికి తుపాకీ వచ్చాక ఆడేవాళ్లు దాన్ని వాడాలనే చూస్తారని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పారు. గత పాతికేళ్లుగా యాక్షన్ గేమ్‌లు తయారుచేసే వాళ్లంతా తలపట్టుకుంటున్న సమస్య ఆ మాటలోనే ఉంది. హీరోని మనిషిగా చూపించడం రచయిత చేతిలో పని. హీరో రోజంతా ఏం చేస్తాడన్నది మాత్రం ఆడేవాళ్ల బొటనవేళ్ల కింద ఉండే వ్యవహారం. ఈ రెండూ ఒకే మనిషి గురించి మాట్లాడకపోతే ఎన్ని కన్నీళ్లు పెట్టించినా అతకదు.

ప్రాణం ఒంట్లో లేని హీరో

వీడియో గేమ్ హీరోకి మొదట్లో శరీరమే లేదు, 'ప్రాణాలు' ఉండేవి. ఆర్కేడ్ మెషిన్‌లో నాణెం వేస్తే సాధారణంగా మూడు ప్రాణాలు. అవి అయిపోతే ఇంకో నాణెం. హీరో చావు వెనుక ఉన్నది విషాదం కాదు, గల్లాపెట్టె.

తర్వాత ప్రాణం శాతాల్లోకి మారింది. 1992లో వచ్చిన 'వుల్ఫెన్‌స్టీన్ 3డీ'లో తెర కింద భాగంలో హీరో ముఖం చిన్న బొమ్మగా కనిపించేది. దెబ్బలు తగిలేకొద్దీ ఆ ముఖం మీద రక్తం పెరిగేది. తెరంతా తుపాకీ, శత్రువులు ఉంటే, మనిషి మాత్రం ఆ చిన్న గడిలో ఉండేవాడు. మరుసటి ఏడాది వచ్చిన 'డూమ్' కూడా ఆ ముఖాన్ని అలాగే ఉంచింది. ఆ రెండు గేమ్‌లు ఆడినవాళ్లకు గోడలు, తలుపులు గుర్తుండకపోయినా ఆ ముఖం గుర్తుంటుంది.

2000 తర్వాత అదీ పోయింది. 2001లో 'హేలో' హీరోకి తనంతట తాను నిండే రక్షణ కవచం ఇచ్చింది. 2005లో 'కాల్ ఆఫ్ డ్యూటీ 2' ఇంకో అడుగు వేసి, ఒంటికి తగిలిన గాయాలే కొద్ది సెకన్లలో మానిపోయేలా చేసింది. తెర ఎర్రబడుతుంది, ఊపిరి బరువెక్కుతుంది, గోడ చాటుకు వెళ్లి నిలబడితే చాలు, అంతా మామూలే. పొడిచిన కత్తిని తానే పీకేసి మళ్లీ ఫైట్ మొదలుపెట్టే మాస్ హీరోలు తెలిసిన మన ప్రేక్షకులకు ఇదేమంత కొత్త కాదు. ఆట వేగం తగ్గకుండా ఉండటానికి ఈ పద్ధతి బాగా పనికొచ్చింది కాబట్టి దాదాపు అందరూ దాన్నే పట్టుకున్నారు.

దీని పర్యవసానం మాత్రం చిన్నది కాదు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం ఎక్కడో దూరాన చిలకలో ఉన్నట్టు, గేమ్ హీరో ప్రాణం సేవ్ ఫైల్‌లో ఉంటుంది. చచ్చినా పది సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ నిలబడతాడు. చావు లేని వాడికి భయం ఉందని ఎంత చెప్పినా నమ్మడం కష్టం.

వెయ్యి మందిని చంపిన మంచివాడు

ఈ అతుకు లోపానికి 2007లో ఒక పేరు దొరికింది. కెనడాకు చెందిన గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్, 'బయోషాక్' గేమ్‌ను విమర్శిస్తూ రాసిన వ్యాసంలో 'లూడోనెరేటివ్ డిసొనెన్స్' అనే మాట వాడారు. ఆట ఒకటి చెబుతుంటే కథ ఇంకొకటి చెప్పడం అని దాని అర్థం. పలకడానికి నోరు తిరగని ఆ మాట తర్వాత గేమ్ విమర్శకుల నోళ్లలో బాగా నలిగింది.

దానికి అందరూ చూపించే ఉదాహరణ 'అన్‌చార్టెడ్' హీరో నేథన్ డ్రేక్. జోకులేస్తాడు, కాలు జారి పడతాడు, ప్రేమించిన మనిషి ముందు తడబడతాడు. పక్కింటి కుర్రాడిలా ఉంటాడు. ఒక్కో గేమ్‌లో వందల మందిని చంపుతాడు. తయారీదారులైన నాటీ డాగ్ సంస్థకు ఈ విమర్శ తెలియనిదేం కాదు. 2016లో వచ్చిన నాలుగో గేమ్‌లో వెయ్యి మంది శత్రువులను చంపినవాళ్లకు ఇచ్చే ట్రోఫీకి 'లూడోనెరేటివ్ డిసొనెన్స్' అనే పేరు పెట్టారు. విమర్శను జోకుగా మార్చి జేబులో వేసుకున్నారు గానీ జవాబు మాత్రం చెప్పలేదు.

డ్రేక్ గురించి ఇంకో సంగతి 2018లో బయటికొచ్చింది. ఈ గేమ్‌లో కాల్పులు జరుగుతున్నప్పుడు తెర అంచులు ఎర్రబడి రంగులు వెలిసిపోతాయి. అది గాయం అనే అందరూ అనుకున్నారు. ఆ సంస్థలో యానిమేటర్‌గా పనిచేసిన జొనాథన్ కూపర్ అసలు విషయం చెప్పారు. డ్రేక్‌కి బుల్లెట్లు తగలవు, పక్కనుంచి పోతాయి. తెర ఎర్రబడటం అంటే అతని అదృష్టం అయిపోవస్తోందని గుర్తు. అదృష్టం పూర్తిగా అయిపోయాక తగిలే ఒక్క బుల్లెట్‌తో చస్తాడు. ఈ సిరీస్ సృష్టికర్త ఏమీ హెన్నిగ్ కూడా తమ మొదటి ఆలోచన అదేనని నిర్ధారించారు. ఎంత అందమైన ఆలోచన! అందరిలాగే ఒక్క బుల్లెట్‌కి చచ్చే మనిషి, ఇప్పటిదాకా అదృష్టం మీద బతుకుతున్నాడు. కాకపోతే మొదటి గేమ్ వచ్చి పదేళ్లు దాటినా ఆడినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియలేదు. తెలియని బలహీనత ఉన్నా లేనట్టే లెక్క.

హాకింగ్ మాత్రం వ్యాసం రాసి ఊరుకోలేదు. మరుసటి ఏడాదే యుబీసాఫ్ట్ సంస్థలో ఆయన దర్శకత్వంలో 'ఫార్ క్రై 2' వచ్చింది. అంతర్యుద్ధంలో ఉన్న ఒక కల్పిత ఆఫ్రికా దేశంలో కిరాయి సైనికుడి కథ. ఈ హీరోకి మలేరియా ఉంటుంది. ఎప్పుడు పడితే అప్పుడు, ఒక్కోసారి కాల్పుల మధ్యలో కూడా, చూపు మసకబారిపోతుంది. మాత్ర వేసుకోవాలి, మాత్రలు అయిపోతే వాటి కోసం తిరగాలి. దెబ్బ గట్టిగా తగిలితే ఒంట్లోంచి బుల్లెట్‌ను పట్టకారుతో లాగడం ఆడేవాళ్లు కళ్లారా చూడాల్సిందే. తుప్పు పట్టిన తుపాకీ సరిగ్గా అవసరమైనప్పుడే మొరాయిస్తుంది. కుప్పకూలితే స్నేహితుడు వచ్చి లాక్కెళ్తాడు. ఆ స్నేహితుడే నేల మీద పడి ఉంటే మార్ఫిన్ ఇవ్వాలా, బాధ లేకుండా ముగించాలా అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

విమర్శకుల్లో కొందరు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. కొన్నవాళ్లలో చాలామందికి మాత్రం మలేరియా చిరాకు తెప్పించింది. 2012లో వచ్చిన 'ఫార్ క్రై 3'లో మలేరియా లేదు, తుప్పు పట్టే తుపాకులూ లేవు. బలహీనత నిజంగా పనిచేస్తే ఆడేవాళ్లకు ఇబ్బంది కలగాలి. ఇబ్బంది కలిగితే డబ్బు పెట్టి కొన్నవాళ్లు గొణుగుతారు. యాక్షన్ హీరోని మనిషిని చేయడంలో అసలు పేచీ ఇక్కడే ఉంది.

బటన్ నొక్కే వేలికి తెలిసేది

ఈ పేచీని కొందరు జపాన్ డిజైనర్లు చాలా ముందే తెలివిగా దాటారు. 1998 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 2'లో దెబ్బ తిన్న హీరో పొట్ట పట్టుకుని కుంటుతూ నడుస్తాడు. ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పడానికి అంకె అక్కర్లేదు, ఆ నడక చాలు. 2001లో ఫుమితో ఉయెదా రూపొందించిన 'ఇకో'లో కొమ్ములున్న ఒక చిన్న కుర్రాడు, తన భాష రాని అమ్మాయిని కోటలోంచి బయటికి తీసుకెళ్లాలి. ఆమె చెయ్యి పట్టుకోవాలంటే కంట్రోలర్‌పై ఆర్1 బటన్ నొక్కి పట్టి ఉంచాలి. వేలు తీస్తే చెయ్యి జారిపోతుంది. వాళ్లిద్దరి మధ్య మాటలు దాదాపు లేవు. ఆ బంధం మొత్తం ఒక వేలి ఒత్తిడిలో ఉంది.

హిడియో కోజిమా 2004లో తెచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్ 3'లో గూఢచారి స్నేక్ అడవిలో తిరుగుతాడు. ఆకలేస్తే గురి వణుకుతుంది. ఎముక విరిగితే కట్టు కట్టుకోవాలి, జలగ పట్టుకుంటే సిగార్‌తో కాల్చి వదిలించుకోవాలి. ఇవన్నీ ఒక ఎత్తు, కథ మధ్యలో వచ్చే నది ఒక ఎత్తు. స్నేక్ ఆ నదిలో నడుస్తూ వెళ్తుంటే అప్పటిదాకా అతని చేతిలో చచ్చినవాళ్లంతా ఎదురుగా వస్తారు. ఎక్కువమందిని చంపినవాళ్లకు ఆ నడక ఎక్కువ భారమవుతుంది. ఎవరినీ చంపకుండా దాక్కుంటూ వచ్చినవాళ్లకు నది దాదాపు ఖాళీగా ఉంటుంది. 'నువ్వు హంతకుడివి' అని నీతులు చెప్పకుండా, చేసిన పనిని తిరిగి చూపించి ఊరుకుంది ఆ గేమ్. చివర్లో తనను పెంచి పెద్ద చేసిన గురువును కాల్చాల్సి వచ్చినప్పుడు కూడా ట్రిగ్గర్ నొక్కే పని ఆడేవాళ్లకే వదిలేసింది.

(2013 నాటి 'బ్రదర్స్' గేమ్ ఇంకా ఆడనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు.) సినిమా దర్శకుడు జోసెఫ్ ఫారెస్ రూపొందించిన ఆ గేమ్‌లో ఒకే కంట్రోలర్‌తో ఇద్దరు అన్నదమ్ములను నడిపించాలి. ఎడమ చెయ్యి అన్న, కుడి చెయ్యి తమ్ముడు. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపు పట్టుకునే ఈదుతాడు. చివర్లో అన్న చనిపోతాడు. తమ్ముడు ఒక్కడే వాగు దాటాలి. కుడి చేతి బటన్ ఎంత నొక్కినా వాడు ముందుకు పోడు. చాలాసేపటి నుంచి ఖాళీగా ఉన్న ఎడమ చేతి బటన్, అంటే అన్న బటన్, నొక్కితే ఈదుతాడు. ఇందులో ఒక్క డైలాగ్ లేదు. పెద్ద బడ్జెట్ యాక్షన్ గేమ్‌లు గంటల తరబడి సన్నివేశాలతో సాధించలేనిది ఒక్క బటన్‌తో జరిగింది.

ఈ పాఠాన్ని అందుకున్న భారీ గేమ్ 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్'. 2005లో మొదలైన ఈ సిరీస్‌లో క్రేటోస్ అంటే కోపం, నరుకుడు, అంతే. మరో మాటే లేదు. దర్శకుడు కోరీ బార్లాగ్ ఆ క్రేటోస్‌కి గడ్డం నెరిపించి, అట్రియస్ అనే కొడుకునిచ్చారు. పోరాటంలో ఒక బటన్ నొక్కితే కొడుకు బాణం వేస్తాడు. గంటలు గడిచేసరికి ఆ బటన్ నొక్కడం అలవాటైపోతుంది. కథ మధ్యలో పిల్లాడు జబ్బు పడతాడు, తండ్రి ఒంటరిగా వెళ్లాల్సి వస్తుంది. అలవాటు కొద్దీ వేలు ఆ బటన్ మీదికి పోతుంది, బాణం రాదు. కొడుకు లేని లోటు క్రేటోస్ కంటే ముందు వేలికి తెలుస్తుంది.

మగవాడికి కొడుకు, ఆడదానికి గాయం

ఇక్కడో తేడా గమనించాలి. మగ హీరోలను మనుషుల్ని చేయడానికి గేమ్‌లు ఎక్కువగా పట్టుకున్న దారి తండ్రి పాత్ర. 'ది లాస్ట్ ఆఫ్ అస్'లో జోయెల్, 'బయోషాక్ ఇన్ఫినిట్'లో బుకర్, ఆపైన క్రేటోస్. ఈ గేమ్‌లు తయారుచేసిన మగవాళ్లంతా ఒకే కాలంలో తండ్రులయ్యారని విమర్శకులు హాస్యమాడటం మొదలుపెట్టారు. ఈ కథల్లో మగవాడి బలహీనత అంటే కాపాడుకోవాల్సిన బిడ్డ ఉండటం. ఒళ్లు మాత్రం ఇనుమే.

మహిళా హీరో దగ్గరికి వచ్చేసరికి బలహీనత ఒంటి మీదికి వస్తుంది. 2013 గేమ్ మొదలవగానే లారా పక్కటెముకల దగ్గర చువ్వ దిగుతుంది. కొండల మీంచి పడుతుంది, నీళ్లలో కొట్టుకుపోతుంది. ఏరు దాటేటప్పుడు ఆడేవాళ్లు తప్పు చేస్తే గొంతులో కర్ర గుచ్చుకుని చనిపోయే దృశ్యం కెమెరాకి దగ్గరగా కనిపిస్తుంది. గేమ్ రావడానికి ముందు 2012లో ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ రాన్ రోజెన్‌బర్గ్, లారాను ఆడేవాళ్లు తమను తాము ఆమెలో చూసుకోరని, ఆమెను కాపాడాలనుకుంటారని అన్నారు. దానిపై పెద్ద దుమారమే రేగింది. అంతటి హీరోకి కాపలాదారు ఎందుకన్నది ఆ కోపం. నొప్పి తెలిసే మనిషిని చూపించడం వేరు, నొప్పిని ప్రదర్శనకు పెట్టడం వేరు. 2013 నాటి లారా ఈ రెండింటి మధ్య ఊగిసలాడింది. ప్రాచెట్ రాసిన మంచి మాటలు, నటి కమిల్లా లడింగ్టన్ నటన ఆమెను ఒకవైపు లాగితే, ఆ చావు దృశ్యాలు ఇంకోవైపు లాగాయి.

దీనికి జవాబులా కనిపించే గేమ్ 'హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్'. కేంబ్రిడ్జ్‌లోని నింజా థియరీ స్టూడియోలో సుమారు 20 మంది కలిసి దీన్ని చేశారు. 2017లో విడుదలైంది. హీరో సెనువా సైకోసిస్‌తో బాధపడే యోధురాలు. చనిపోయిన ప్రియుడి ఆత్మ కోసం నార్స్ పురాణాల్లోని నరకానికి బయల్దేరుతుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మానసిక వైద్య నిపుణుడు పాల్ ఫ్లెచర్, సైకోసిస్ అనుభవించిన కొందరు ఈ బృందానికి సలహాలిచ్చారు. తలలో వినిపించే గొంతులను రెండు చెవులకూ వేర్వేరుగా చేరేలా రికార్డు చేశారు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరో మెడ వెనక నిలబడి గుసగుసలాడినట్టే ఉంటుంది.

ఆ గొంతులు సెనువాను ఎగతాళి చేస్తాయి, నీవల్ల కాదంటాయి. కానీ పోరాటంలో వెనక నుంచి శత్రువు వస్తుంటే హెచ్చరించేవీ అవే. వాటిని నమ్మాలా, వద్దా? జబ్బుతో బతికే మనిషి రోజూ పడే సందిగ్ధం ఆడేవాళ్లదీ అవుతుంది. ఇంకో ఎత్తు కూడా వేశారు. ఓడిపోయినప్పుడల్లా సెనువా చేతి మీద నల్లటి కుళ్లు పైకి పాకుతుందని, అది తలకు చేరితే సేవ్ ఫైల్ మొత్తం చెరిగిపోతుందని గేమ్ మొదట్లోనే హెచ్చరిస్తుంది. అది అబద్ధం, ఏదీ చెరగదు. అయినా నిజం తెలిసేదాకా చాలామంది భయంభయంగానే ఆడారు. మాయలఫకీరు చిలకకే ముప్పు ఉందని నమ్మించింది ఆ గేమ్. సెనువాగా నటించిన మెలీనా యూర్గెన్స్ ఆ స్టూడియోలో వీడియో ఎడిటర్. అంతకుముందు నటించిన అనుభవం లేదు. 2018లో ఆమెకు ఉత్తమ నటనకు బాఫ్టా అవార్డు వచ్చింది.

అప్పు వసూలుకు వెళ్తే అంటిన జబ్బు

ఇప్పటిదాకా చెప్పినవాటిలో సగం చిన్న గేమ్‌లు, సగం పాతవి. బలహీనతను కోట్లమంది ఆడే గేమ్ నడిబొడ్డున పెట్టింది మాత్రం 2018 నాటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. దీన్ని తయారుచేసిన రాక్‌స్టార్ స్టూడియోల్లో బెంగళూరులోని రాక్‌స్టార్ ఇండియా కూడా ఒకటి.

కథా కాలం 1899. ఆర్థర్ మోర్గన్ ఒక దోపిడీ ముఠాలో కండబలం ఉన్న మనిషి. ఆట మొదట్లో ముఠా ఇచ్చిన వడ్డీ అప్పులు వసూలు చేయడానికి వెళ్తాడు. వాళ్లలో థామస్ డౌన్స్ అనే పేద రైతు ఒకడు. ఆర్థర్ అతన్ని కంచెకు అదిమిపట్టి కొడతాడు. ఆ రైతు దగ్గుతాడు, రక్తం ఆర్థర్ ముఖం మీద పడుతుంది. గేమ్‌లో అలాంటి పనులు పదుల కొద్దీ ఉంటాయి కాబట్టి ఆడేవాళ్లు మర్చిపోయి ముందుకెళ్తారు. చాలా గంటల తర్వాత ఆర్థర్ వీధిలో కుప్పకూలుతాడు. డాక్టర్ పరీక్షించి క్షయ అని చెబుతాడు.

అక్కడి నుంచి ఆర్థర్ చిక్కిపోతాడు. కళ్లు ఎర్రబడతాయి, ముఖం పాలిపోతుంది. గుర్రం మీద, మాటల మధ్య, పోరాటం ముందు దగ్గుతాడు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. గోడ చాటున నిలబడితే బుల్లెట్ గాయం మానిపోతుంది గానీ ఊపిరితిత్తులు మానవు. మంచిగా ఆడినా, చెడ్డగా ఆడినా జబ్బు తప్పదు. చేతిలో ఉన్నది మిగిలిన రోజుల్లో ఏం చేస్తాడన్నదే. డౌన్స్ భార్యాబిడ్డలు వీధిన పడి మళ్లీ ఎదురవుతారు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నాయి. దగ్గు విన్న ఇంట్లో ఎవరికైనా ఈ కథ అమెరికా కౌబాయ్ కథలా అనిపించదు. హింసకు శిక్షగా పోలీసునో, బుల్లెట్‌నో కాకుండా, కొట్టిన చెయ్యికి అంటిన రోగాన్ని ఎంచుకోవడం ఈ గేమ్ రచయితల పనితనం. ఆర్థర్‌గా నటించిన రోజర్ క్లార్క్‌కు ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి దక్కింది.

శత్రువుకి పేరుంటే

హీరో మనిషైతే అతను చంపేవాళ్లు కూడా మనుషులే కావాలి కదా? 2020లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా అడిగింది. ఒక కాపలాదారుణ్ని చంపితే, శవాన్ని చూసిన మిగతావాళ్లు అతన్ని పేరు పెట్టి పిలుస్తూ కేక పెడతారు. కుక్కను చంపితే దాని యజమాని దాని పేరు అరుస్తూ ఏడుస్తాడు. సగం ఆట ఎల్లీ అనే అమ్మాయిగా ప్రతీకారం కోసం తిరిగాక, గేమ్ హఠాత్తుగా శత్రువైన అబీని ఆడేవాళ్ల చేతికిస్తుంది. ఎల్లీగా ఆడినప్పుడు చచ్చిన కుక్క, అబీ కథలో బతికి పక్కనే నడుస్తూ ఉంటుంది.

కొందరికి ఇది గొప్పగా అనిపించింది. కొందరు కంట్రోలర్ పక్కన పెట్టేశారు. తాము వద్దనుకున్నా గేమ్ చంపించి, ఆపైన తమనే తప్పుపడుతోందని వాళ్ల ఫిర్యాదు. అందులో న్యాయం లేకపోలేదు. తుపాకీ దించే అవకాశమే ఇవ్వకుండా 'ఎందుకు చంపావు' అంటే ఏం చెప్పాలి? 'మెటల్ గేర్' నది దీనికంటే నిజాయతీగా ఉంది, ఎందుకంటే అక్కడ చంపకుండా వచ్చే దారి ఉంది. ఈ కోపం మరో దిక్కుకూ పోయింది. అబీ పాత్ర పోషించిన లారా బెయిలీకి చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. శత్రువు కూడా మనిషేనని చెప్పడానికి చేసిన గేమ్‌లో నటించినందుకు!

మరి ఇంత హింస ఎందుకు, తగ్గించొచ్చు కదా? అడ్డంకి ఎక్కువగా లెక్కలదే. 2023లో అమెరికా కోర్టుకు సోనీ ఇచ్చిన పత్రాల్లో సరిగ్గా చెరపని అంకెల వల్ల, ఈ గేమ్ తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చైందని బయటపడింది. అంత పెట్టుబడి తిరిగి రావాలంటే కొన్నవాళ్లకు పాతిక గంటల ఆట ఇవ్వాలి. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశానికి ప్రతి నిమిషం కొత్తగా రాయాలి, నటించాలి, గీయాలి. కాల్పులు అలా కాదు. ఒకసారి బాగా కుదిరితే వందసార్లు వాడొచ్చు, ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. హీరో అంతమందిని చంపడానికి అతని స్వభావం కంటే ఈ గంటల లెక్కే పెద్ద కారణం.

'నాక్ అయ్యాను, రివైవ్ చెయ్'

ఒక్కోటి నాలుగైదు వేల రూపాయలు పలికే ఈ కన్సోల్ గేమ్‌లు భారత్‌లో ఆడేవాళ్లు తక్కువే. ఇక్కడ గేమ్ అంటే ఎక్కువమందికి ఫోన్‌లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్. ఆ హీరోలకు గతం లేదు, కొడుకు లేడు, మలేరియా లేదు. ఉన్నదల్లా డబ్బు పెట్టి కొనే చొక్కాలు, టోపీలు.

అయినా బలహీనత అక్కడా ఉంది. నలుగురు కలిసి ఆడేటప్పుడు దెబ్బ తగిలినవాడు వెంటనే చావడు, 'నాక్' అవుతాడు. చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతాడు, ప్రాణం కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. కాల్పులు సాగుతుండగానే జట్టులో ఎవరో ఒకరు వచ్చి, తుపాకీ పక్కనపెట్టి, కొన్ని సెకన్లు పక్కనే కూర్చుంటేనే బతుకుతాడు. ఆ కొన్ని సెకన్లు ఇద్దరికీ దిక్కులేదు. హాస్టల్ గదుల్లో 'నాక్ అయ్యాను, రివైవ్ చెయ్ రా' అనే కేక వినని కుర్రాడు ఉండడు. ఏ రచయితా రాయకుండానే పుట్టిన సన్నివేశం అది. ఒంటరిగా ఆడే మ్యాచ్‌లో సాధారణంగా ఈ నాక్ ఉండదు, నేరుగా చావే.

దేశంలో తయారైన యాక్షన్ గేమ్‌లలో ఈ దారి పట్టినది 'రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్'. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసింది. సర్కస్‌లో గారడీలు చేసే రాజీ, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం వెతుకుతుంది. ఒళ్లు విల్లులా వంచి స్తంభాలెక్కి కొట్టే ఆమె పోరాటంలో సర్కస్ పిల్ల కనిపిస్తుంది, అది బాగుంది. కానీ ఆమె కథను విష్ణువు, దుర్గ పైనుంచి చూస్తూ చెబుతుంటారు. ఆమె భయపడిందో లేదో కూడా దేవుళ్లే చెప్పాలి. రాజీ తన నోటితో ఇంకొంచెం చెప్పుకుని ఉంటే గోలూ మనకీ తమ్ముడయ్యేవాడు.

ఈ హీరోల వెనుక నిజంగా గాయపడే శరీరాలు కొన్ని ఉన్నాయి. నేథన్ డ్రేక్‌కి గొంతు ఇచ్చిన నోలన్ నార్త్ 'స్పెక్ ఆప్స్: ది లైన్'లో పౌరుల చావుకి కారణమై మతి తప్పే సైనికాధికారికీ గొంతు ఇచ్చారు. ఆ గేమ్‌లో కథ సాగేకొద్దీ అతని ఆదేశాలు కేకలుగా, తర్వాత బొంగురు గొంతు అరుపులుగా మారతాయి. ఇలాంటి కేకలు ఎవరో ఒకరు మైక్ ముందు నిలబడి పెట్టాల్సిందే. కాలితే ఒక కేక, నీళ్లలో మునిగితే ఒకటి, కత్తి దిగితే ఒకటి, ఎత్తు నుంచి పడితే ఇంకొకటి. ఒక్కోటి పలు రకాలుగా. 2016 అక్టోబర్‌లో అమెరికా నటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా గేమ్ కంపెనీలపై సమ్మెకు దిగినప్పుడు, బోనస్‌లతో పాటు గొంతు మీద పడే ఒత్తిడి కూడా వాళ్ల డిమాండ్లలో ఉంది. గొంతు చించుకునే రికార్డింగ్ ఒక దఫాలో రెండు గంటలు దాటకూడదని వాళ్లు అడిగారు.

2024 జులైలో అదే సంఘం మళ్లీ సమ్మె చేసింది. దాదాపు 11 నెలలు సాగిన ఈసారి సమ్మెలో ప్రధానాంశం కృత్రిమ మేధ. నటుడి గొంతును, కదలికలను ఒకసారి తీసుకుని, అతను లేకుండానే కొత్త కేకలు పుట్టించే హక్కు ఎవరిది, దానికి అతని అనుమతి అక్కర్లేదా అన్నది వివాదం. అనుమతి, పరిహారం తప్పనిసరి చేసే ఒప్పందంతో 2025లో అది ముగిసింది.

స్టూడియోల్లో మాత్రం పాత ఆనవాయితీ ఒకటి నడుస్తూనే ఉంది. రోజు రికార్డింగ్‌లో మామూలు సంభాషణలు ముందు చెప్పించుకుంటారు. దెబ్బలు, చావు కేకలు చివరికి పెట్టుకుంటారు, ఎందుకంటే అవి అయ్యాక ఆ గొంతు ఆ రోజుకి ఇంక దేనికీ పనికిరాదు.